ఒకటే తొవ్వ, రెండు లెక్కలు

జూబ్లీ బస్‌స్టేషన్‌లో సిద్దిపేట బస్సెక్కితే అల్వాల్, తూంకుంట దాటగానే శామీర్‌పేట వస్తుంది. తర్వాత తుర్కపల్లి, కూరగాయల మార్కెట్‌తో సందడిగా ఉండే వంటిమామిడి, గౌరారం, ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి, కొండపాక. దుద్దెడ దగ్గర కొత్త కలెక్టరేట్ కనబడిందంటే సిద్దిపేట వచ్చేసినట్టే. రాజీవ్ రహదారి అని పేరున్న ఈ తొవ్వ మొదట్లో ఒక పుస్తకం ఉంది, చివర ఒక పట్టిక ఉంది. రెండూ చేయబూనిన పని ఒకటే, ఇక్కడి జనం ఎట్లా బతుకుతున్నారో చెప్పడం. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. పుస్తకం చదివేవాళ్ళు పట్టికను ముట్టరు. పట్టికతో పనిబడేవాళ్ళకు పుస్తకం పేరు తెలియదు.

పుస్తకం 'ఇండియన్ విలేజ్'. శ్యామాచరణ్ దూబే రాశాడు, 1955లో లండన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయం మనిషి. గ్రామసేవనూ పరిశోధననూ కలిపి విశ్వవిద్యాలయం తలపెట్టిన పనిలో భాగంగా 1951–52లో ఒక జట్టు శామీర్‌పేటలో దిగింది. వ్యవసాయం తెలిసినవాళ్ళు, వైద్యులు, పశువైద్యులు, చదువు చెప్పేవాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. మందులిస్తూ, విత్తనాల మాటలు చెబుతూ, మధ్యమధ్య అడిగి రాసుకున్నారు. ఊరి కులాల అల్లిక, రాబడి, పండుగలు, కొలుపులు, ఇంటి బంధాలు, జీవన స్థాయిలు, మారుతున్న కాలం, ఇట్లా అధ్యాయాలు సాగుతాయి.

పట్టిక 'సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్'. రాష్ట్ర ప్రణాళికా శాఖ ఏటా బడ్జెట్‌తో పాటు విడుదల చేస్తుంది. అందులో 33 జిల్లాలకు 33 వరుసలు. సిద్దిపేట ఒక వరుస. తలసరి ఆదాయం, అక్షరాస్యత, స్త్రీ పురుష నిష్పత్తి, సాగు విస్తీర్ణం, ఆసుపత్రి కాన్పులు, నల్లా నీళ్ళు, ఒక్కోదానికి ఒక్కో అంకె. దూబే ఒక్క ఊరికి ఒక పుస్తకం రాశాడు. ఇక్కడ పది లక్షల మందికి ఒక గీత.

సాహిత్యం వైపు నుంచి వచ్చిన నా బోటివాళ్ళు ఇంతవరకు చదవగానే పుస్తకం పక్షం చేరిపోతారు. అంకెలు మనిషిని మింగేస్తాయనీ, కథనమే మనిషిని చూపిస్తుందనీ మాకొక పాత అలవాటు మాట ఉంది. ఆ మాట నాకు ఇప్పుడు రుచించడం లేదు. పట్టికను తిట్టేముందు అది ఏం కొలుస్తున్నదో చూడాలి.

2016 అక్టోబర్ 11నాడు ఏం జరిగిందో చూద్దాం. దసరా రోజు. పాత మెదక్ జిల్లా మూడు ముక్కలై మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట అయింది. 2011 జనగణనలో పాత మెదక్ అక్షరాస్యత 61.42 శాతం. అవే 2011 లెక్కల్ని కొత్త సరిహద్దులకు సరిపోయేలా కోసి కుట్టాక సంగారెడ్డి 64.08 శాతంతో పైకి పోయింది, సిద్దిపేట 61.61 దగ్గర ఆగింది, మెదక్ 56.12కు దిగింది. ఆ ఒక్క పొద్దులో మెదక్‌లో ఎవరూ అక్షరాలు మరిచిపోలేదు. సంగారెడ్డిలో ఎవరూ కొత్తగా పలక పట్టలేదు. గీత జరిగింది, అంకె జరిగింది. 56.12 అనే అంకె పట్టుకుని ఆ తర్వాత ఎంతమంది అధికారులు, నాయకులు, విలేకరులు మెదక్ వెనకబాటు గురించి బాధపడ్డారో! వెనకబాటు నిజం కాదని అనడం లేదు. నర్సాపూర్ అడవి అంచు తండాల్లోనో పాపన్నపేట వైపు ఊళ్ళల్లోనో అది ముందు నుంచీ ఉంది. పటాన్‌చెరు, సిద్దిపేట పట్టణాల చాటున ఇన్నాళ్ళూ కనబడలేదు, అంతే. పట్టిక ఇక్కడ మంచి పనే చేసింది, తనకు తెలియకుండా.

సిద్దిపేట ముచ్చట ఇంకా చిత్రం. 2011 లెక్కల్లో కొత్త సిద్దిపేట జిల్లా జనాభా 10,12,065. సంగారెడ్డి 15,27,628. మెదక్ 7,67,428. మూడూ కూడితే 33 లక్షల 7 వేలు దాటుతుంది. పాత మెదక్ మొత్తం 30,33,288 మాత్రమే. ఎక్కువొచ్చిన ఆ 2 లక్షల 73 వేల చిల్లర మంది దాదాపుగా బయటి పద్దుల నుంచి సిద్దిపేటలో కలిసినవాళ్ళు. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ నుంచి. చేర్యాల, మద్దూరు వరంగల్ నుంచి. కరీంనగర్ అక్షరాస్యత 64.15, వరంగల్‌ది 65.11. సరిహద్దు మారగానే కోహెడ రైతు సగటు రెండున్నర పాయింట్లు తక్కువ చదువుకున్నవాడయ్యాడు! కొమురవెల్లి మల్లన్న నిన్నటిదాకా వరంగల్ దేవుడు, ఇయ్యాల సిద్దిపేట దేవుడు. పట్నం వారానికి వచ్చే భక్తులకు ఈ తేడా పట్టదు. బడ్జెట్‌కు పడుతుంది.

చేర్యాల వాళ్ళది ఇంకో తిప్పలు. జిల్లా సిద్దిపేట, శాసనసభ నియోజకవర్గం జనగామ. హుస్నాబాద్ నియోజకవర్గమైతే మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. హుస్నాబాద్, అక్కన్నపేట, కోహెడ సిద్దిపేటలో. చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌లో. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి హనుమకొండలో. ముల్కనూరు భీమదేవరపల్లి మండలం ఊరు. అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి 1956లో అక్కడ మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు దేశమంతా పేరు పొందింది. అక్కడి ఆడవాళ్ళ పాల డెయిరీ కూడా అంతే. ఆ పరపతి, ఆ పాలు హనుమకొండ వరుసలో పడతాయి. ఒకే ఎమ్మెల్యేకు ఓటేసే ఇరుగుపొరుగు ఊళ్ళు మూడు వేర్వేరు వరుసల్లో అభివృద్ధి చెందుతుంటాయి, లేదా వెనకబడుతుంటాయి.

దూబేకు ఈ చిక్కు లేదు. ఊరు అంటే ఆయనకు పొలిమేర. బొడ్రాయి, చెరువుకట్ట, పోచమ్మ గుడి, పంట చేలు. అది జనం గీసుకున్న గీత. జీవో ఇచ్చి జరిపేది కాదు. పుస్తకానికి ఉన్న పెద్ద బలం ఇదే. ఆయన కొలబద్దలు కూడా ఊరివే. శామీర్‌పేటలో మనిషి హోదా దేన్నిబట్టి వస్తుందని అడిగి, ఆరు సంగతులు తేల్చాడు. మతం, కులం ఒకటి. భూమి రెండు. డబ్బు మూడు. సర్కారు కొలువులో గానీ ఊరి వ్యవస్థలో గానీ ఉన్న స్థానం నాలుగు. వయసు ఐదు. మనిషి గుణం ఆరు. మన పట్టికలో మూడోది మాత్రమే తలసరి ఆదాయం పేరుతో నిలబడింది. భూమి వేరే పేజీకి పోయింది. కులం అసలు గుమ్మం బయటే ఆగిపోయింది. గుణాన్ని కొలిచే శాఖ ఇంకా పెట్టలేదు, పెట్టకపోతేనే మేలు.

కులాన్ని ఇంటి లోపలికి తెచ్చి చూపించే మూడో రకం పద్దు ఒకటి ఈ జిల్లాలోనే ఉంది. చేర్యాల నకాషీ పటాలు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పాడే ఆశ్రిత కులం, వాళ్ళ కోసం గజాల కొద్దీ గుడ్డ మీద బొమ్మలు. ఆ పటం ముందు కూర్చున్నవాళ్ళకు తాము ఎవరో, ఎక్కడ నిలబడతారో తెలిసిపోయేది. దూబే ఆరు కొలతల్లో మొదటిది ఆ పటం మీద ఎర్రరంగు నేపథ్యంతో సహా గీసి ఉంది. జిల్లా పట్టికలో ఆ పటాలకు దొరికే చోటు, హస్తకళలు అనే మాట పక్కన, అంతవరకే.

సరే, దూబే లోటు ఏంటి? ఒక్క ఊరు, ఒక్క కాలం. పక్క ఊళ్ళో కూడా ఇంతేనా అని అడిగితే పుస్తకం పెదవి విప్పదు. శామీర్‌పేట దేశమంతటికీ నమూనా అని ఆయన కూడా అనలేదు. ఇవాళ ఆ ఊరికి పోయి పుస్తకం తెరిస్తే చెరువు ఒక్కటే పోలిక దొరుకుతుంది. పక్కనే జీనోమ్ వ్యాలీ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, అవుటర్ రింగ్ రోడ్డు, మేడ్చల్ మల్కాజిగిరి కలెక్టరేట్. ఎకరాల ఊరు గజాల ఊరైంది. ఈ మార్పును పుస్తకం చెప్పలేదు, చెప్పే పని దానిది కాదు కూడా. ఏడాదికేడాది వచ్చే పట్టిక అయితే ఇట్లాంటి మార్పును ఇట్టే పట్టేస్తుంది. ఇంకో సంగతి. దూబే పుస్తకం చూపించి ఏ మండలమూ ఒక్క బోరింగు తెచ్చుకోలేదు. అంకె చూపించి తెచ్చుకోవచ్చు.

నీళ్ళ విషయంలో సిద్దిపేట అదే చేసింది. దిగువ మానేరు నీళ్ళను పైపుల్లో తెచ్చి ఊళ్ళకు పంచిన సిద్దిపేట పథకాన్నే నమూనా చేసుకుని మిషన్ భగీరథ వచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. బిందె నెత్తిన పెట్టుకుని వ్యవసాయ బావుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళకు 'నల్లా ఉన్న ఇళ్ళ శాతం' అనే అంకె ఎండుమాట కాదు. నడుము నొప్పి ఎంత తగ్గిందో చెప్పే అంకె అది. పట్టికను ఈసడించే కవులు కోమటిబండ మీదుగా ఒకసారి పోయి రావాలి.

ఆదాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు పట్టిక మీద గౌరవం సన్నగిల్లుతుంది. జిల్లా తలసరి ఆదాయం అంటే జిల్లాలో మనిషి చేతికి వచ్చింది అనుకుంటాం. లెక్క అట్లా కట్టరు. సరుకు, సేవ విలువ ఏ జిల్లాలో పుడితే ఆ జిల్లాకు రాస్తారు. లాభం ఎటు పోయిందో రాయరు. తలసరిలో రంగారెడ్డి అన్నిటికంటే పైన ఉంటుంది. గచ్చిబౌలి వైపు ఐటీ భవనాల విలువ ఆ వరుసలో పడుతుంది గనుక. అదే జిల్లాలో మాడ్గుల రైతు కూడా ఆ సగటుకు హక్కుదారే! సిద్దిపేట నుంచి పొద్దున బస్సెక్కి నగరం పోయి పనిచేసుకొచ్చే పిల్లగాడి కష్టం నగరం వరుసలో, అతని ఆకలి సిద్దిపేట వరుసలో.

ఇక దుబ్బాక. చేనేతకు పేరున్న చోటు. ఇంట్లో మగవాడు మగ్గం మీదుంటే ఆడమనిషి చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేసేది. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి, చాటలు మిగిలాయి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు తడపడం, కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం, కార్ఖానాకు ఇచ్చిరావడం. ఇచ్చాక 'చాట్' కింద కొన్ని తీసి పారేస్తారు. వంట మధ్యలో, పిల్లల మధ్యలో, రాత్రి సీరియల్ ముందు ఆ వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. జనగణన ప్రకారం ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని చేసినవాళ్ళు ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. ఆకు రాని నెలలు తీసేస్తే ఆమె ఎటు? గణకుడు ఇంటికొచ్చి మగమనిషిని 'మీ ఆడవాళ్ళు ఏం చేస్తరు' అని అడిగితే 'ఇంట్లనే ఉంటది, బీడీలు చేస్తది' అంటాడు. ఆ మాటలో మొదటి సగం రాసుకుంటే ఆమె గృహిణి, రెండో సగం రాసుకుంటే గృహ పరిశ్రమ కార్మికురాలు. ఒక జిల్లా మహిళా శ్రామిక శాతం ఇట్లా వాక్యంలో ఏ ముక్క దగ్గర కలం ఆగిందన్న దాన్నిబట్టి మారుతుంది.

ఆమెను కార్మికురాలిగా గట్టిగా గుర్తించిన లెక్క జనగణన కాదు, పింఛను. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఆసరా కింద నెలకు వెయ్యి, 2019 నుంచి 2,016 రూపాయలు ఇస్తున్నారు. భవిష్యనిధి కార్డు ఉంటేనే ఆ డబ్బు. కార్డు లేనామె చేసిన బీడీలు కూడా అదే గంపలో కలిసి అదే దుకాణానికి పోతాయి.

దూబే అయితే ఏం చేసేవాడు? ఆ ఇంటి చాప మీద కూర్చుని ఆకు ధర, కట్ట ధర, చీటీ పాట, కూతురి పెళ్ళి అప్పు అన్నీ రాసుకునేవాడు. జీవన స్థాయిల అధ్యాయంలో తిండి, గుడ్డ, ఇల్లు, ఇంట్లో సామాను దాకా పోయాడు. అయితే ఆ ఇల్లు ఎన్ని ఇళ్ళకు ప్రతినిధి అన్న ప్రశ్న మళ్ళీ మిగులుతుంది. పదివేల చాపల మీద ఎవరూ కూర్చోలేరు.

ఆసుపత్రి అంకెల్లో ఇదే గొడవ ఇంకో ముఖంతో వస్తుంది. 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఇది చూసి సంబరపడి, కింది వరుసకు దిగితే కోత కాన్పులు 60.7 శాతం. దేశంలో ఇదే ఎక్కువ. మన పొరుగు కరీంనగర్‌లో 82.4. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు 10 నుంచి 15 శాతం చాలని చెప్పింది. మొదటి అంకె పెరిగితే అభివృద్ధి అంటున్నాం. దాని వెంటే రెండోది పెరిగితే ఏమనాలో పట్టిక చెప్పదు. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి బిడ్డను బయటికి తీయమనే ఇంటివాళ్ళు, నొప్పుల కోసం రాత్రంతా కాచుకోవడానికి తీరికలేని ప్రైవేటు ఆసుపత్రి, 'నొప్పులు నేను పడలే' అనే భయం, ఇవన్నీ కలిసి ఆ 60.7ను తయారుచేశాయి. ఇందులో ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే దూబే జట్టు లాంటిది ఒకటి ప్రసూతి వార్డు వరండాలో ఏడాది కూర్చోవాలి.

మనదగ్గర కూర్చునే ఓపిక తగ్గి, ఒక్కరోజులో ముగించే ఉబలాటం పెరిగింది. 2014 ఆగస్టు 19. సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రమంతా సెలవు, బస్సులు బంద్, దుకాణాలు బంద్. భీవండి, ముంబయి, సూరత్‌ల నుంచి కూడా జనం ముందురోజుకే సొంతూళ్ళకు చేరారు. లెక్కలో పేరు లేకపోతే రేషన్ పోతుంది, పింఛను పోతుంది అన్న భయం వాళ్ళను నడిపించింది. ఆ భయమే లెక్కను కూడా నడిపించింది, ఉన్న ఇంట్లో ఒకసారి, సొంత ఊళ్ళో ఒకసారి పేరు రాయించుకున్నవాళ్ళుంటే ఆశ్చర్యం ఏముంది. పదేళ్ళ తర్వాత 2024 నవంబర్ 6 నుంచి మళ్ళీ ఇంటింటి సర్వే. ఈసారి 75 ప్రశ్నలు. అడిగింది ఎక్కువగా బడిపంతుళ్ళు. బడిలో పిల్లలు, బయట ఇళ్ళు. 3 కోట్ల 54 లక్షల మందిని లెక్కించారు. ఇది 2014 లెక్కకంటే తక్కువ రావడంతో శాసనసభలో రభస. జనాభా తగ్గలేదు. మొదటి సర్వేనాడు లెక్కలో పడకపోతే ఏదో పోతుందనుకున్నారు, రెండోసారి లెక్కలో పడితే ఏదో బయటపడుతుందని కొందరు అనుకున్నారు. శామీర్‌పేటలో కూడా ఈ అనుమానం ఉండే ఉంటుంది. అయితే అక్కడ మందుసీసా ముందుపోయింది, కాగితం వెనకపోయింది.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. సిద్దిపేట పేరెత్తితే రాష్ట్రమంతా మొదట తలుచుకునేది ఇదే. రంగనాయకసాగర్ 3 టీఎంసీలు. కొండపోచమ్మసాగర్ 15 టీఎంసీలు, 2020 మే 29న నీళ్ళొదిలారు. మల్లన్నసాగర్ 50 టీఎంసీలు, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభం. కాళేశ్వరం నీళ్ళను మెట్టుమెట్టుగా ఎత్తిపోసి ఇక్కడి దాకా తెచ్చారు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక ఆ గొలుసు మొదటి కడియం మీద రచ్చ నడుస్తూనే ఉంది. ఒకప్పుడు చెలక తప్ప తరి ఎరగని చోట్ల ఇప్పుడు వరి. బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన రైతుకు పక్క కాలువలో పారే నీటి విలువ ఏంటో చెప్పక్కర్లేదు. పట్టికలో సాగు విస్తీర్ణం నిలువు వరుస ఇందుకు సాక్ష్యం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

కానీ అదే జిల్లాలో, అదే వరుసలో, హుస్నాబాద్ గౌరవెల్లి ఉంది. 1.41 టీఎంసీలతో అనుకున్న రిజర్వాయర్‌ను 8.23 టీఎంసీలకు పెంచారు. గుడాటిపల్లి జనం ఇళ్ళు, భూములు పోగొట్టుకున్నారు, పరిహారం కోసం కొట్లాడారు, 2022లో లాఠీ దెబ్బలు తిన్నారు. మల్లన్నసాగర్ కింద నీళ్ళు పారుతుంటే హుస్నాబాద్ రైతు ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. జిల్లా సగటు ఇద్దరికీ చెరి సగం నీళ్ళు పోసింది. మండలాల వారీగా విడివిడి వరుసలు రాసి పక్కపక్కన అచ్చేస్తే తప్ప ఈ మోసం బయటపడదు. ఆ వరుసలు కలెక్టరేట్లలో లేకపోలేదు, ముఖ్య ప్రణాళికాధికారి బల్ల మీద ఉంటాయి. అసెంబ్లీ బల్ల మీదికి వచ్చేసరికి జిల్లా అయిపోతాయి.

మల్లన్నసాగర్ కిందికి పోయిన ఊళ్ళు వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, సింగారం, ఎర్రవల్లి. తొగుట, కొండపాక మండలాలవి. ఈ ఊళ్ళను రెండు లెక్కలూ ఎట్లా చూస్తాయో చూడండి. ప్రభుత్వం మొదట 2015 జూలైలో తెచ్చిన 123వ జీవోతో భూమి కొనడానికి దిగింది. అమ్మేది పట్టా ఉన్నవాడు. మరి కైకిలి పోయే ఆమె? ఏడాది జీతగాడు? మంగలి, చాకలి, కుమ్మరి? కౌలు పట్టినవాడు? అమ్మడానికి ఏమీ లేనివాడు ఆ జీవోలో లేడు. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. పిటిషన్ వేసింది వ్యవసాయ కూలీలు. తర్వాత వాళ్ళకు వర్తించే జీవోలు, చట్ట సవరణ వచ్చాయి. ఊరంటే భూమే కాదు, దాని చుట్టూ అల్లుకున్న పనులూ గాసాలూ కూడా అని దూబే అరవై ఏళ్ళ కిందట రాసిన అధ్యాయాన్నే కూలీలు కోర్టులో ఇంకో భాషలో చదివి వినిపించారనిపిస్తుంది నాకు. పుస్తకం దేనికి పనికొస్తుందని అడిగేవాళ్ళకు ఇదే నా జవాబు. అది నిధులు తేదు. ఎవరు లెక్కలోంచి జారిపోతున్నారో ముందే చెబుతుంది.

ఆ జనాన్ని గజ్వేల్ పట్టణం పక్కన పునరావాస కాలనీలో పెట్టారు. 250 గజాల్లో ఇల్లు, కుటుంబానికి ఏడున్నర లక్షల ప్యాకేజీ. ఇంకా అందలేదని ధర్నాలు చేసేవాళ్ళూ ఉన్నారు. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికలో 12 అంశాలున్నాయి. పోషణ, పిల్లల చావులు, తల్లుల ఆరోగ్యం, చదివిన ఏళ్ళు, బడికి పోవడం, వంట గ్యాసు, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, సామాను, బ్యాంకు ఖాతా. ముంపు ఊళ్ళ మనిషిని ఈ 12 గడుల్లో నిలబెట్టి చూడండి. స్లాబు ఇల్లు ఉంది. దొడ్డి ఉంది. నల్లా ఉంది. కరెంటు ఉంది. గ్యాసు ఉంది. ప్యాకేజీ పడింది గనుక ఖాతా తప్పకుండా ఉంది, ఆ డబ్బుతో కొన్న బండి కూడా ఉండొచ్చు. వేములఘాట్‌లో పెంకుటింట్లో ఉన్నప్పటికంటే ఆయన ఈ సూచికలో ఏ విధంగానూ పేద కాడు. 2023 నివేదికలో తెలంగాణ పేదల శాతం 5.88, అందులో ఆయన పేరు ఉండే అవకాశం తక్కువ. చెలక లేదు, బాయి లేదు, ఇంటి ముందు కోడి తిరిగే జాగా లేదు, పొద్దున లేస్తే పోవడానికి పని లేదు. వీటికి గడి లేదు. గీత జరిగితే మనుషులు కదలకుండానే మెదక్ పడిపోయింది. ఇక్కడ మనుషుల్ని కదిలిస్తే అంకె బాగుపడింది.

2021లో జరగాల్సిన జనగణనకు ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టారు. అప్పటిదాకా సిద్దిపేట జిల్లా పుట్టకముందటి అంకెలతోనే సిద్దిపేట జిల్లాను కొలుస్తుంటాం. గణకుడు ఈసారి గజ్వేల్ పక్క కాలనీకి కూడా పోతాడు. గ్రామమా, పట్టణమా అని అతని దగ్గర ఒక సంకేతం ఉంటుంది. మున్సిపాలిటీ హద్దులో ఉంటే అడగకుండానే పట్టణం. హద్దు బయటైతే జనగణన పట్టణానికి మూడు పరీక్షలున్నాయి. ఐదు వేల జనాభా. చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత. ప్రధాన కార్మికులైన మగవాళ్ళలో 75 శాతం మందికి వ్యవసాయేతర పని. మూడోదాంట్లో ఆడవాళ్ళ పని అడగరు. దుబ్బాక చాట అక్కడా లెక్కకు రాదు. కాలనీలో మగవాళ్ళకు ఎవుసం ఎట్లాగూ లేదు గనుక ఆ పరీక్ష సులువుగానే నెగ్గుతారు. సిద్దిపేట జిల్లా పట్టణ జనాభా శాతం కొంత పెరుగుతుంది. ఆ ఏడాది ఔట్‌లుక్‌లో దాని పక్కన పైకి చూపే బాణం గుర్తు పడుతుంది. కాలనీలో ఒక్కో వీధి వరసకు ఇంకా పాత ఊరి పేరే చెప్పుకుంటున్నారు, వేములఘాట్ అని, పల్లెపహాడ్ అని. ఫారంలో ఊరు అన్న చోట వాళ్ళు ఏం చెబుతారో, గణకుడు ఏం రాసుకుంటాడో ఆ రోజు అక్కడ ఉండి వినాలని ఉంది.